కారు కేకా, డాల్ కేకా, నంబర్ కేకా? కోసి పంచే లెక్కలో ఏది ఎవరికి నప్పుతుంది

పిల్లల బర్త్‌డే దగ్గరపడితే ఇంట్లో నలుగురి ఫోన్లలో నాలుగు రకాల కేకు ఫోటోలు తిరుగుతుంటాయి. అన్నీ కొవ్వొత్తి వెలిగించక ముందు తీసినవే. కొవ్వొత్తి ఆర్పాక ఆ బొమ్మను పావుగంటలో అరవై పేపర్ ప్లేట్లలోకి ఎలా దించాలన్నది ఏ ఫోటోలోనూ ఉండదు. ఫంక్షన్ హాల్లో ఇబ్బంది మొదలయ్యేది మాత్రం అక్కడే. అందుకే ఇక్కడి పోలిక అంతా చాకు వైపు నుంచి: ఎన్ని ముక్కలొస్తాయి, ఎంతసేపట్లో, లోపల తినకూడనివి ఏమున్నాయి, మన ఎండకు ఏది తట్టుకుంటుంది.

ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది ముక్క సైజు. కేకు తర్వాత బిర్యానీ, ఐస్‌క్రీమ్ ఉన్న విందులో మనిషికి 50–60 గ్రాములు చాలు, అంతకు మించితే ప్లేట్లలో వదిలేస్తారు. అదే ఇంట్లో సాయంత్రం పూట కేకు, సమోసా, కూల్‌డ్రింక్‌తో సరిపెట్టేట్టయితే 90–100 గ్రాములు పెట్టాలి. అంటే కిలో కూల్ కేకు విందులో 16 మందికి, ఇంట్లో 10 మందికి. చేతి లెక్కకు ఇది గుర్తుంచుకోండి: రెండంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పు, రెండంగుళాల ఎత్తున్న ముక్క సుమారు 60–65 గ్రాములు తూగుతుంది.

ఈ లెక్క కూల్ కేకుకే. ఫాండెంట్ కప్పిన కేకులో బరువులో పావు వంతు దాకా పైన పరిచిన చక్కెర పొర, బొమ్మలే ఉండొచ్చు. "మూడు కిలోల కారు" అని డబ్బు కట్టినా ప్లేట్లోకి వచ్చే కేకు రెండున్నర కిలోలకు లోపే. బరువు చెప్పినప్పుడల్లా "ఇందులో స్పాంజి, క్రీమ్ ఎంత?" అని అడగడం మీ హక్కు.

రెండోది, పంచే మనుషులు. ఒకరు కోయాలి, ఒకరు ప్లేట్ పట్టాలి, ఇద్దరు తిప్పాలి. ఈ నలుగురూ ఉంటే నిమిషానికి నాలుగైదు ప్లేట్లు వెళ్తాయి. హాల్లో క్యాటరింగ్ కుర్రాళ్ళు చేసేస్తారులే అనుకోకండి. వాళ్ళు ఆ సమయానికి బఫే గిన్నెల కింద మంట పెడుతుంటారు, ముందే చెప్పి ఒకరిద్దరిని ఆపుకోవాలి.

మూడోది, లోపలి ఆధారాలు. నిలబడే ఆకారం ఏదైనా పుల్లలు, స్ట్రాలు, అట్టలు, ఒక్కోసారి తీగ లేకుండా నిలబడదు. నాలుగోది, ఎండ. ఐదోది, తినేవాళ్ళు: గుడ్డు ముట్టనివాళ్ళు, పాకే పిల్లలు, షుగరున్న పెద్దలు. శనివారం ఫంక్షన్ అయినా, కార్తీక మాసమైనా గుడ్డు వద్దనేవాళ్ళు పెరుగుతారు. అప్పుడు మొత్తం ఎగ్‌లెస్ చేయించడమే మేలు. అయితే ఎగ్‌లెస్ స్పాంజి చాలావరకు మెత్తగా, పొడిపొడిగా ఉంటుంది కాబట్టి చెక్కి నిలబెట్టే ఆకారాలకు అంతగా ఆగదు, చాకు పెడితే త్వరగా విరుగుతుంది. ఫాండెంట్‌లో జెలటిన్ కలిసే రకాలు కూడా ఉన్నాయి. శుద్ధ శాకాహారులుంటే ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉందో లేదో బేకర్‌నే చూసి చెప్పమనాలి.

ఒక్క చూపులో

| రకం | 2 కిలోలకు విందు ముక్కలు (సుమారు) | కోయడం | ఎండలో | తీసేయాల్సినవి |
|---|---|---|---|---|
| నంబర్ / అక్షరం కేకు | 30 | చాలా సులువు | క్రీమ్‌ను బట్టి | పైన గుచ్చిన అలంకరణలు |
| డాల్ కేకు | 24–26 | మధ్యస్థం | క్రీమ్ గౌనైతే కష్టం | బొమ్మ, మధ్య అట్ట |
| చెక్కిన కారు, జంతువు | 20–24 | కష్టం | ఫాండెంట్‌కి ఫ్రిజ్ చెమట | పుల్లలు, తీగ, తల, కాళ్ళు |
| రెండు స్టెప్పుల కేకు | 28–30 | విడదీస్తే సులువు | ఎత్తు వల్ల ఒరుగుతుంది | స్ట్రాలు, అట్ట, డమ్మీ (థర్మాకోల్ అంతస్తు) |
| కప్‌కేకుల ఆకారం | 34–36 | కోత లేదు | ఫర్వాలేదు | కాగితం కప్పు మాత్రమే |
| పినాటా (సుత్తితో పగలగొట్టే చాక్లెట్ పెంకు కేకు) | లోపలి కేకును బట్టి | పగలగొట్టడం | పెంకు మెత్తబడుతుంది | ముక్కలు చూసి ఏరాలి |

నంబర్ కేకు

మొదటి పుట్టినరోజుకి "1" చేయించేవాళ్ళు ఎక్కువ. కోసేవాళ్ళకి ఇంత హాయైన ఆకారం ఇంకోటి లేదు. పెద్ద పలక కేకులోంచే దీన్ని కోస్తారు కాబట్టి ఎత్తు అన్ని చోట్లా ఒకటే, రెండు రెండున్నర అంగుళాలు. కాలి చివర నుంచి మొదలుపెట్టి రెండంగుళాలకొక అడ్డగీత, ఆ పట్టీని మళ్ళీ ఒకటిన్నర అంగుళాల చొప్పున ముక్కలు. "1", "4", "7" ఇలా గీతలు గీసినట్టు కోసేయొచ్చు. "8", "6", "0" వంపుల్లో మాత్రం బయటి అంచు వెడల్పుగా, లోపలి అంచు సన్నగా వస్తుంది. అక్కడ కొలతలు పట్టించుకోకుండా వంపును నాలుగు ముక్కలు చేసి, ఒక్కోదాన్ని రెండుగా విడగొట్టండి.

ఒక్క లోపం: అంచు పొడవు ఎక్కువ కనుక పక్కల క్రీమ్ కూడా ఎక్కువే. క్రీమ్ ఇష్టం లేనివాళ్ళకు నడుమ ముక్కలు దొరకవు.

డాల్ కేకు

గౌను ఎంత విచ్చుకుంటే అంత అందం. కేకు మాత్రం లోపల నాలుగైదు స్పాంజి చక్రాలు ఒకదాని మీద ఒకటి పేర్చిన గుమ్మటం. అడుగు ఎనిమిదంగుళాలు, ఎత్తు ఆరంగుళాలు ఉంటే కిలోన్నర, కిలోముప్పావు తూగుతుంది. దీన్ని పైనుంచి కిందికి సాధారణ కేకులా త్రికోణాలుగా కోస్తే ఆరంగుళాల ముక్క ప్లేట్లో నిలబడలేక పక్కకు పడి, క్రీమ్ ఒకచోట, స్పాంజి ఒకచోట అవుతుంది. ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే.

సరైన పద్ధతి ఇది. ముందు బొమ్మ నడుము చుట్టూ సన్నటి చాకు ఒకసారి తిప్పి, బొమ్మను కొద్దిగా మెలితిప్పుతూ నిట్టనిలువుగా పైకి లాగాలి. వంచి లాగితే పై చక్రం రెండుగా చీలుతుంది. తర్వాత గుమ్మటాన్ని సగం ఎత్తులో అడ్డంగా కోసి, కింద పల్చటి అట్టముక్క గానీ, దోసె గరిటెలు గానీ జారించి పై సగాన్ని వేరే పళ్ళెంలోకి మార్చాలి. ఇప్పుడు రెండూ మామూలు గుండ్రటి కేకులే. వాటిని గళ్ళుగా కోసుకోవచ్చు. సగం ఎత్తులో ఒక అట్ట పెట్టమని ఆర్డర్ రోజే బేకర్‌కి చెబితే అడ్డంగా కోసే పనే ఉండదు. ఆ అట్ట ఉన్న కేకు దారిలో తక్కువ కుంగుతుంది కూడా.

బొమ్మ కాళ్ళకు ప్లాస్టిక్ ర్యాప్ చుట్టారా అని తప్పక అడగాలి. చుట్టకపోతే బొమ్మ రంగు, దుమ్ము నేరుగా స్పాంజికి తగులుతాయి. బొమ్మ దిగిన గుంత చుట్టూ ఉన్న కేకు ముద్దలా అవుతుంది, దాన్ని అతిథులకు పెట్టకుండా ఇంటివాళ్ళకు గిన్నెలో తీసి పెట్టుకోండి.

చెక్కిన కారు, ఏనుగు, సింహం

పిల్లాడి కళ్ళు పెద్దవయ్యేది దీన్ని చూసే. కోసేవాళ్ళకు అన్నిటికన్నా పరీక్ష కూడా ఇదే. కారు, రైలు, బస్సు లాంటి పొడుగాటి ఆకారాలు ఫర్వాలేదు, బ్రెడ్ కోసినట్టు వెనకనుంచి అంగుళం మందాన పలకలు తీసి, ఒక్కో పలకను రెండు మూడు ముక్కలు చేయొచ్చు. చక్రాలు ముందే ఊడదీసి పక్కన పెట్టాలి. కూర్చున్న జంతువు మధ్యరకం. నాలుగు కాళ్ళ మీద నిలబడిన జంతువైతే కాళ్ళు కేకు కావు, చాలాసార్లు తలా కేకు కాదు. బరువు తగ్గించడానికి వాటిని మరమరాల్లాంటి రైస్ క్రిస్పీల ఉండతోనో, గట్టి ఫాండెంట్‌తోనో, థర్మాకోల్‌తోనో చేస్తారు. ఆ బరువుకు మీరు కిలోల లెక్కన డబ్బు కడుతున్నారేమో చూసుకోండి.

లోపల ఏ పుల్ల ఎక్కడుందో తెలియకుండా దీనికి చాకు పెట్టకూడదు. బేకర్ కాగితం మీద ఆకారం గీసి, పుల్లలున్న చోట చుక్కలు పెట్టి, "మొత్తం 7" అని సంఖ్య రాసివ్వాలి. కోసేటప్పుడు తీసిన ప్రతి పుల్లా ఒక గ్లాసులో వేసి, చివర్లో లెక్క సరిపోయాకే ఆఖరి ప్లేట్లు వెళ్ళాలి. చిన్న పిల్లల ప్లేట్లోకి విరిగిన టూత్‌పిక్ ముక్క వెళ్ళడం కన్నా భయపడాల్సింది ఈ పనిలో మరొకటి లేదు. టూత్‌పిక్‌లు అసలు వాడొద్దనండి. లావుపాటి స్ట్రాలు గానీ, పొడవైన చెక్క పుల్లలు గానీ అయితే కంటికి కనిపిస్తాయి.

ఫాండెంట్ మీద పళ్ళున్న చాకు ఆడిస్తే అది రబ్బరులా సాగి, కింది క్రీమ్‌ను ఈడ్చుకొస్తుంది. వేడినీళ్ళలో ముంచి తుడిచిన నున్నటి పదునైన చాకుతో ముందు పైపొర గీత తెంపి, ఆ గీతలోంచి బ్రెడ్ చాకు దింపాలి. ఇంకా తేలిక దారి: అడుగు అంచు దగ్గర ఎత్తి ఫాండెంట్‌ను దుప్పటి తీసినట్టు వలిచేయడం. పెద్దలు చాలామంది దాన్ని ప్లేట్ అంచున వదిలేస్తారు. కావాలన్న పిల్లలకు విడిగా ముక్కలు పెడితే సరి.

మూడేళ్ళు, నాలుగేళ్ళ పిల్లలు తమ సింహం ముఖం మీద చాకు పడితే నిజంగా ఏడుస్తారు. తలను ముందే చెక్కు చెదరకుండా తీసి పిల్లాడి ప్లేట్లో పెట్టి, కోత వెనకవైపు నుంచి మొదలుపెట్టండి.

రెండు స్టెప్పుల కేకు

పైన చిన్న ఆకారం, కింద గుండ్రటి అంతస్తు ఉండే ఈ రకం ఓణీల ఫంక్షన్లలోనూ కనిపిస్తోంది. నిలబెట్టిన చోటే పై నుంచి కింది దాకా కోయకూడదు. పై అంతస్తును దాని అట్టతో సహా ఎత్తి పక్కన పెట్టి, కింది దాంట్లోని స్ట్రాలన్నీ లాగేసి, అప్పుడు కోయాలి. గుండ్రటి కేకును త్రికోణాలుగా కాక, అంగుళం వెడల్పు పలకలుగా తీసి, పలకను రెండంగుళాలకొకటి కోస్తే, నాలుగంగుళాల ఎత్తున్న పదంగుళాల కేకులో 38 ముక్కలు, ఎనిమిదంగుళాల దాంట్లో 24, ఆరంగుళాల దాంట్లో 12 దాకా వస్తాయి. అదే ఆరంగుళాల పైభాగం, పదంగుళాల కిందిభాగం అంటే యాభై మంది. కింది అంతస్తు థర్మాకోల్ డమ్మీ అయితే ఈ లెక్కంతా పోతుంది. ఆర్డర్లోనే రాయించుకోవాలి.

కప్‌కేకులు, పినాటా

కప్‌కేకులను సీతాకోకచిలుకలాగో అంకెలాగో పేర్చి పైన క్రీమ్ కలిపేస్తారు. చాకు అక్కర్లేదు, ప్లేట్ అక్కర్లేదు. స్కూల్లో పంచడానికి దీనికి సాటి లేదు. గుడ్డున్నవి ఒక రంగు కాగితంలో, ఎగ్‌లెస్ మరో రంగులో చేయించొచ్చు. ఒక్కోటి అడుగున క్రీమ్ చుక్కతో అట్టకు అతికించకపోతే మొదటి స్పీడ్ బ్రేకర్‌కే రెక్కలు విడిపోతాయి. కోసే ఫోటో కావాలంటే నడుమ అరకిలో చిన్న కేకు పెట్టించుకోండి.

పినాటా కేకు పంచడానికి కాదు, ఆడుకోవడానికి. పది పన్నెండు మంది పిల్లలున్న ఇంటి పార్టీకి సరిపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే సుత్తి పడితే చాక్లెట్ పెంకు గాజులా పదునుగా చిట్లుతుంది. మే నెలలో అరగంట బయట ఉంచితే సుత్తి దిగబడుతుంది. ఏసీ గదిలో పది నిమిషాలుంచి, పెద్ద స్టీలు పళ్ళెంలో పెట్టి కొట్టించాలి. ఐదేళ్ళలోపు పిల్లలుంటే లోపల గట్టి చాక్లెట్ గోళీలు, చక్కెర ముత్యాలు వేయించొద్దు, గొంతుకు అడ్డుపడతాయి.

ఎండ, ప్రయాణం

రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే బెజవాడలో, గుంటూరులో ఆకారం ఎంచుకునే ముందు పైపూత ఎంచుకోవాలి. కూల్ కేకు క్రీమ్ ఏసీ లేని చోట ఇరవై, ముప్పై నిమిషాలకే జారడం మొదలవుతుంది. ముందు పోయేది గౌను కుచ్చిళ్ళ లాంటి పైకి లేచిన పూలే. వెన్న క్రీమ్ మన వేసవి గది వేడికి కరుగుతుంది. ఫాండెంట్ కరగదు కానీ, ఫ్రిజ్‌లోంచి తీయగానే ఉక్కపోత గాలికి నీళ్ళు పట్టి జిగురవుతుంది, ఎరుపు, నలుపు రంగులు కారతాయి. చల్లటి పెట్టెను మూత తీయకుండా గదిలో కాసేపు ఉంచితే నీరు పెట్టె మీదే పడుతుంది. రెండు వంతుల డార్క్ చాక్లెట్‌కు ఒక వంతు క్రీమ్ కలిపిన గనాష్ పూత వేసవికి మిగతావాటి కన్నా నయం. డాబా మీద మే నెల పార్టీ అంటే గనాష్ పూసిన నంబర్ కేకు, అది కూడా కోతకు పది నిమిషాల ముందే పైకి తేవాలి.

విజయవాడలో చేయించి గుంటూరు హాలుకు తీసుకెళ్ళేవాళ్ళు 35 కిలోమీటర్లు, గంట ప్రయాణం లెక్కేసుకోవాలి. కేకు కారు సీటు మీద కాదు, ఒడిలో కాదు, చదునైన డిక్కీలోనో ముందు సీటు కింద కాళ్ళ దగ్గరో, జారని రబ్బరు మ్యాట్ మీద. సీటు వెనక్కి వాలి ఉంటుంది, డాల్ కేకు ఆ వాలుకే ఒరుగుతుంది. డిక్కీలో పెడితే లోపలికి ఏసీ గాలి అందుతుందో లేదో చూసుకోండి. స్కూటర్ మీద వన్‌టౌన్ సందుల్లో తెచ్చేట్టయితే నంబర్ కేకు, కప్‌కేకులు తప్ప ఇంకేదీ వద్దు. ఇంటి ఫ్రిజ్ అర కొలవండి: పన్నెండంగుళాల ఎత్తు పెట్టె పట్టాలంటే ఒక అర తీసేయాల్సి వస్తుంది.

ఎవరికి ఏది

ఇంట్లో ఇరవై, ఇరవై ఐదు మంది, ఎక్కువమంది పిల్లలే అయితే డాల్ కేకైనా కారైనా తెచ్చుకోండి. కొంచెం చెదిరినా ఎవరూ తొందరపడరు, కోయడానికి సమయముంటుంది.

నూటయాభై మంది వచ్చే మొదటి పుట్టినరోజుకి ఏడెనిమిది కిలోల బొమ్మ కేకు చేయించకండి. అంత పెద్ద ఆకారం లోపల ఆధారాలతో నిండుతుంది, కోత అరగంట దాటుతుంది, ఈలోపు జనం బఫే లైన్లోకి వెళ్ళిపోతారు. స్టేజీ మీదకు కిలోన్నర, రెండు కిలోల ఆకారం, వంటగదిలో అదే రుచి, అదే పూతతో పలక కేకులు. పన్నెండంగుళాల వెడల్పు, పదహారంగుళాల పొడవున్న ట్రేలో రెండంగుళాల ఎత్తు పలక సుమారు 3 కిలోలు, ఆరు వరుసలు, ఎనిమిది నిలువులు కోస్తే 48 ముక్కలు. అలాంటివి మూడు ట్రేలుంటే 144, మిగతావి స్టేజీ కేకులోంచి. పలకలను కొవ్వొత్తికి పది నిమిషాల ముందే కోసి ప్లేట్లలో సర్దిపెట్టుకోవచ్చు. చెక్కిన కేకు కన్నా పలక కేకుకు కిలో ధర తక్కువ, కనుక మొత్తం ఖర్చూ తగ్గుతుంది. నలభై మంది దాటిన ఏ ఫంక్షన్‌కైనా ఇదే సరైన ఏర్పాటు. ఫోటోకి బొమ్మ ఉంటుంది, అతిథికి నీటైన ముక్క అందుతుంది.

కోత రోజున

బేకరీ ఇచ్చే ప్లాస్టిక్ చాకు ఫోటో వరకే. పదంగుళాల బ్రెడ్ చాకు, ఒక నున్నటి చాకు, లోతైన చెంబులో వేడినీళ్ళు, రెండు తడి గుడ్డలు సిద్ధంగా పెట్టుకోండి. ప్రతి కోతకూ చాకు ముంచి, తుడిచి దింపాలి. తుడవకపోతే రెండో ముక్క నుంచే చాక్లెట్ స్పాంజి పొడి తెల్ల క్రీమ్‌కు అంటుకుంటుంది. చాకును కిందికి అదమకుండా ముందుకూ వెనక్కూ ఆడించాలి.

బంధువులంతా వరుసగా తినిపిస్తారు కాబట్టి ఆ ముచ్చటకు అసలు కేకును పదిచోట్ల గిల్లనివ్వకండి. వెనక మూల నుంచి తీసిన ఒక్క ముక్కను పది చిన్న ఘనాలుగా చేసి పక్కన ప్లేట్లో ఉంచితే ఎవరికి వారు ఒకటి తీసి పెడతారు, పిల్లాడికీ పొట్ట నిండిపోదు. షుగరున్న పెద్దలకూ ఆ సైజే పెట్టండి.

నిప్పులు చిమ్మే కొవ్వొత్తిని నేరుగా కేకులో గుచ్చకుండా హోల్డర్లో పెట్టి, ఆరగానే తీసేయాలి. స్నో స్ప్రే మాత్రం హాల్లోకే రానివ్వొద్దు. అందులోని గ్యాస్‌కు మంట అంటుకుంటుంది, కొవ్వొత్తుల దగ్గర కొడితే ముఖాలు కాలతాయి, కేకు మీద పడితే ఆ భాగమంతా పారేయాల్సిందే.

మిగిలిన క్రీమ్ కేకు ఏసీలో రెండు గంటలు, ఏసీ లేని వేసవి గదిలో గంట దాటితే ఎవరికీ ఇవ్వకండి. అంతకన్నా ముందే మూత డబ్బాలో ఫ్రిజ్‌కి వెళ్తే మర్నాటి సాయంత్రం దాకా బాగుంటుంది. పలక కేకులో ముట్టని ట్రే సగం ఉంటే హాలు ఖాళీ అయ్యేదాకా ఆగక, పనివాళ్ళకు, వాచ్‌మన్ పిల్లలకు అక్కడికక్కడే కోసి ఇచ్చేయండి. స్టాండు, డమ్మీ అద్దెవైతే ఆ రాత్రే కడిగి కారులో పెట్టుకోండి, పొద్దునకి హాల్లో వెతికితే దొరకవు.